అమ్మాయికి హెచ్‌పీవీ టీకా వేయించే ముందు: సమ్మతి పత్రం మీద సంతకం పెట్టేలోగా ఏమేం చూసుకోవాలి

బడి నుంచి వచ్చిన అమ్మాయి పుస్తకాల సంచిలోంచి మడత పెట్టిన ఒక కాగితం తీసి మీ చేతికి ఇస్తుంది. ఫలానా తేదీన హెచ్‌పీవీ టీకా వేస్తున్నామనీ, సమ్మతిస్తే కింద సంతకం చేసి పంపమనీ అందులో ఉంటుంది. లేదా మీ అమ్మాయిని జ్వరానికి చూపించడానికి వెళ్ళినప్పుడు పిల్లల డాక్టరే ఈ టీకా మాట ఎత్తుతారు. లేదా మీకే ఇరవై రెండేళ్ళు, స్నేహితురాలు వేయించుకుందని విని మీరు కూడా ఆలోచిస్తున్నారు. ఈ మూడు సందర్భాల్లోనూ మనసులో మెదిలే ప్రశ్నలు రెండే: ఇది పనిచేస్తుందా, ఇది ప్రమాదం లేనిదేనా? ఎవరో చెప్పారని ఒప్పుకోకుండా, ఎవరో భయపెట్టారని మానేయకుండా, ఈ రెండు ప్రశ్నలకూ మీ అంతట మీరు జవాబు తేల్చుకునే పద్ధతిని ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

ముందుగా ఏ జబ్బుకు ఈ టీకా అన్నది స్పష్టం చేసుకోండి

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఇందులో 200కు పైగా రకాలున్నాయి. ఎక్కువ రకాలు మనకు పెద్దగా హాని చేయవు. డజనుకు పైగా రకాలు మాత్రం క్యాన్సర్‌కు దారితీయగలవు. వాటిలో 16, 18 నంబరు రకాలు రెండే ప్రపంచంలోని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమవుతున్నాయి. మన దేశంలో ఆ వాటా 80 శాతాన్ని మించుతుంది. ఈ వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని నిరూపించిన జర్మనీ శాస్త్రవేత్త హారాల్డ్ సుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

వైరస్ సోకిన ప్రతివారికీ క్యాన్సర్ రాదు. సోకినవారిలో ఎక్కువమందికి ఏడాది రెండేళ్ళలో శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. వదలకుండా ఏళ్ళ తరబడి నిలిచిపోయిన కొద్దిమందిలో ముఖద్వారం దగ్గరి కణాలు నెమ్మదిగా మారుతూ, పదిహేను ఇరవై ఏళ్ళకు క్యాన్సర్‌గా తేలతాయి. 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ జబ్బు కొత్తగా బయటపడింది. సుమారు 80 వేల మంది మరణించారు.

ఇక్కడే ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. ఈ టీకా రాబోయే వైరస్‌ను అడ్డుకుంటుందే గాని, అప్పటికే సోకి నిలిచిపోయిన వైరస్‌ను తొలగించదు, వచ్చిన క్యాన్సర్‌ను నయం చేయదు. వైరస్ ప్రధానంగా లైంగిక సంపర్కం ద్వారా సోకుతుంది. ఆ జీవితం మొదలు కావడానికి చాలా ముందే, అంటే 9 నుంచి 14 ఏళ్ళ మధ్య, వేయమనడానికి కారణం అదే. "ఇంత చిన్నపిల్లకు అలాంటి టీకా ఎందుకండీ" అని ఇంట్లో అత్తగారో పెద్దమ్మో నొచ్చుకుంటే, ఈ వయసులో శరీరం టీకాకు ఎంతో బలంగా స్పందిస్తుందనీ, అందుకే పెద్దవారికి మూడు డోసులు కావలసిన చోట వీరికి రెండో ఒకటో సరిపోతున్నాయనీ చెప్పండి. పిల్ల నడవడికను శంకించి వేయించే టీకా కాదిది. పుట్టిన రోజునే కామెర్ల టీకా వేయిస్తాం; ఆ హెపటైటిస్ బి కూడా రక్తం ద్వారా, లైంగిక సంపర్కం ద్వారా సోకేదే. దాని గురించి మనలో ఎవరూ నొచ్చుకోలేదు.

పనిచేస్తుందన్న మాటను ఎలా పరీక్షించాలి

"95 శాతం ప్రభావం" అని ఎవరైనా చెప్పగానే తల ఊపకండి. మూడు సంగతులు అడగండి: దేని మీద ప్రభావం, ఎవరిలో, ఎంత కాలం? వైరస్ సోకి నిలిచిపోకుండా ఆపడం ఒకటి, క్యాన్సర్‌కు ముందు దశ అయిన కణాల మార్పును ఆపడం ఇంకొకటి, అసలు క్యాన్సర్‌నే ఆపడం మరొకటి. టీకా వచ్చిన కొత్తలో, అంటే 2006లో, చేతిలో ఉన్న ఆధారాలు మొదటి రెండింటికి సంబంధించినవే. క్యాన్సర్ బయటపడటానికి ఇరవై ఏళ్ళు పట్టే జబ్బులో, మధ్యలో కనిపించిన ముందు దశ మార్పులకు చికిత్స చేయకుండా చూస్తూ కూర్చోవడం ఏ డాక్టరుకూ తగదు గనుక, ప్రయోగాలు అక్కడే ఆగాయి. "క్యాన్సర్‌ను ఆపుతుందని రుజువేది" అని ఆనాడు అడిగినవారి ప్రశ్నలో న్యాయం ఉంది. ఈనాడు అదే ప్రశ్న అడిగేవారికి మాత్రం జవాబు సిద్ధంగా ఉంది.

స్వీడన్ దేశంలో ప్రతి పౌరుడి ఆరోగ్య వివరాలూ జాతీయ రిజిస్టర్లలో నమోదవుతాయి. 2006 నుంచి 2017 వరకు 10 నుంచి 30 ఏళ్ళ లోపు దాదాపు 16 లక్షల 70 వేల మంది అమ్మాయిల రికార్డులను పరిశీలించి 2020లో ఫలితాలు ప్రకటించారు. టీకా వేయించుకున్న సుమారు 5 లక్షల 28 వేల మందిలో 19 మందికి, వేయించుకోని సుమారు 11 లక్షల 45 వేల మందిలో 538 మందికి ముఖద్వార క్యాన్సర్ వచ్చింది. వయసు, చదువు, ఆదాయం వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక, 17 ఏళ్ళు నిండకముందే టీకా పడ్డవారిలో ముప్పు 88 శాతం తగ్గినట్లు తేలింది. 17 నుంచి 30 ఏళ్ళ మధ్య వేయించుకున్నవారిలో ఆ తగ్గుదల 53 శాతమే.

ఇంగ్లండులో 2021లో వెలువడిన లెక్కలదీ అదే తీరు: 12, 13 ఏళ్ళకు టీకా అందిన తరంలో క్యాన్సర్ 87 శాతం తగ్గింది, 14 నుంచి 16 ఏళ్ళవారిలో 62 శాతం, 16 నుంచి 18 ఏళ్ళవారిలో 34 శాతం. వయసు పెరిగేకొద్దీ ప్రయోజనం ఎలా మెట్లు దిగుతోందో చూడండి. మీ అమ్మాయికి పదేళ్ళయితే "ఇంకా టైముంది, పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దాం" అనే ఆలోచనకు ఈ అంకెలే సమాధానం. మీకు ఇరవై మూడేళ్ళయితే, ప్రయోజనం తగ్గుతుంది గాని సున్నా కాదని కూడా ఈ అంకెలే చెబుతున్నాయి.

మన దేశపు ఆధారం ఒకటి ఉంది. అది అనుకోకుండా దొరికింది. రెండు డోసులు చాలునా, మూడు కావాలా అని తేల్చడానికి 2009లో 10 నుంచి 18 ఏళ్ళ అమ్మాయిలతో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. 17,729 మంది చేరాక, 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఆదేశంతో టీకాలు వేయడం ఆగిపోయింది. ఎందుకు ఆగిందన్నది కింద చెబుతాను. ఫలితంగా దాదాపు 5 వేల మంది ఒకే డోసుతో మిగిలిపోయారు. వారిని వదిలేయకుండా పదేళ్ళ పాటు గమనిస్తూ వచ్చారు. 16, 18 రకాల వైరస్ నిలిచిపోకుండా ఆపడంలో ఒక డోసు ప్రభావం 95.4 శాతం, రెండు డోసులది 93.1, మూడు డోసులది 93.3 అని 2021లో తేలింది. అంటే ఒక డోసు దాదాపు మూడు డోసులంత పని చేసింది. ఆ తరువాత కెన్యాలో 15 నుంచి 20 ఏళ్ళ యువతులు 2,275 మందితో పద్ధతిగా నడిపిన ప్రయోగంలోనూ, ఏడాదిన్నర కాలానికి ఒక డోసు ప్రభావం 97.5 శాతంగా వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరులో 9 నుంచి 20 ఏళ్ళవారికి ఒక డోసు కూడా ఆమోదయోగ్యమేనని చెప్పడానికి ఇలాంటి ఆధారాలే పునాది. అయితే ఇందాక చెప్పిన మూడు ప్రశ్నలను ఇక్కడా వేయాలి: ఒక్క డోసు విషయంలో ఈ అంకెలు వైరస్ నిలిచిపోకుండా ఆపడానికి సంబంధించినవి, స్వీడన్ లెక్కల్లా క్యాన్సర్‌కు సంబంధించినవి కావు.

ప్రమాదం సంగతి ఎలా చూడాలి

ముందు సీసాలో ఏముందో తెలుసుకోండి. వైరస్ పైపొరలో ఉండే ఒక ప్రొటీన్‌ను ఈస్ట్ కణాల్లో తయారు చేస్తారు. ఆ ప్రొటీన్ తనంతట తానే వైరస్ ఆకారపు గుల్లలుగా కూడుకుంటుంది. లోపల వైరస్ జన్యుపదార్థం ఉండదు కాబట్టి టీకా వల్ల ఆ వైరస్ సోకే ప్రశ్నే లేదు. ఈ గుల్లలతో పాటు, శరీరం గట్టిగా స్పందించడానికి కొద్దిపాటి అల్యూమినియం లవణం ఉంటుంది. దశాబ్దాలుగా ధనుర్వాతం టీకాలోనూ ఇలాంటిదే వాడుతున్నారు.

ఎక్కువగా ఎదురయ్యేది చేయి నొప్పి. పది మందిలో ఎనిమిది మందికి సూది వేసిన చోట నొప్పి ఉంటుంది; వాపు, ఎర్రదనం, ఒకటి రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడటం, తలనొప్పి కొందరికి ఉంటాయి. రెండవది, సూది వేయగానే కళ్ళు తిరిగి పడిపోవడం. ఇది మందు గుణం కంటే వయసు గుణం; పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలకు ఏ సూది వేసినా జరగవచ్చు. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి, ఎందుకంటే నిలబడి ఉన్న పిల్ల పడితే తలకు దెబ్బ తగులుతుంది. మూడవది, తీవ్రమైన అలర్జీ. పది లక్షల డోసులకు ఒకటి రెండు సార్లు జరిగే అరుదైన సంగతి, కాని నిమిషాల్లో ముంచుకొచ్చేది. కాబట్టి దానికి మందు సిద్ధంగా ఉన్న చోటే టీకా వేయించుకోవాలి.

ఇవి కాక పిల్లలు పుట్టరనీ, నరాల జబ్బులు వస్తాయనీ వినిపించే మాటలున్నాయి. వీటిని కొట్టివేసే ముందు, విమర్శకులు ఎత్తిచూపే ఒక లోపాన్ని ఒప్పుకోవాలి. తొలి ప్రయోగాల్లో చాలావాటిలో, టీకా వేయని వర్గానికి ఉప్పునీరు కాకుండా అల్యూమినియం లవణమో మరొక టీకానో ఇచ్చారు. అందువల్ల రెండు వర్గాల మధ్య తేడా లేదన్న మాటకు పూర్తి బలం రాదన్నది వారి వాదన. అది సబబైన ప్రశ్నే. అందుకే ప్రయోగాల మీదనే ఆధారపడకుండా, ఈ టీకా పడ్డవారినీ అసలు ఈ టీకా పడనివారినీ పోల్చిన జనాభా అధ్యయనాలను చూడాలి. డెన్మార్క్, స్వీడన్ దేశాల్లో 10 నుంచి 17 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు 10 లక్షల మందిని పోల్చారు. వారిలో సుమారు 3 లక్షల మంది టీకా వేయించుకున్నవారు. శరీరం తన మీద తానే దాడి చేసుకునే జబ్బులకు గాని, నరాల జబ్బులకు గాని, రక్తం గడ్డకట్టడానికి గాని టీకా కారణమని 2013లో వెలువడిన ఆ ఫలితాల్లో తేలలేదు. అండాశయాలు వయసుకు ముందే పనిచేయడం మానేస్తాయన్న అనుమానం మీద అమెరికాలో దాదాపు 2 లక్షల మంది యువతుల రికార్డులు వెతికారు, సంబంధం కనబడలేదు.

జపాన్ అనుభవం మనకు పాఠంగా పనికివస్తుంది. అక్కడ 2013 ఏప్రిల్‌లో ఈ టీకాను నిత్య కార్యక్రమంలో చేర్చారు. టీకా తరువాత కొందరు అమ్మాయిలకు తీవ్రమైన నొప్పులు, నడవలేకపోవడం వంటివి వచ్చాయని టీవీల్లో చూపడంతో, రెండు నెలలకే ప్రభుత్వం సిఫారసును వెనక్కి తీసుకుంది. 70 శాతం దాటిన టీకా వాడకం 1 శాతానికి దిగజారింది. తరువాత నగోయా నగరంలో సుమారు 30 వేల మంది యువతులను 24 రకాల లక్షణాల గురించి అడిగి చూస్తే, టీకా పడ్డవారికీ పడనివారికీ తేడా కనబడలేదు. 2022 ఏప్రిల్‌లో సిఫారసును పునరుద్ధరించారు. ఆ అమ్మాయిల బాధ నటన అని దీని అర్థం కాదు. వారి బాధ నిజమే. దానికి కారణం టీకా అన్నదే నిలబడలేదు.

ఖమ్మం జిల్లాలో జరిగినదాన్ని తెలుసుకున్నాకే సంతకం పెట్టండి

తెలుగువారు ఈ టీకా గురించి మాట్లాడుకునేటప్పుడు ఖమ్మం ప్రస్తావన రాకుండా ఉండదు. 2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలు దాదాపు 14 వేల మందికి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా వేయడం మొదలుపెట్టారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన పథకం అది. గుజరాత్‌లోని వడోదరలో మరో టీకాతో ఇలాంటిదే నడిచింది. ఖమ్మంలో టీకా పడ్డవారిలో చాలామంది ఆదివాసీ, దళిత కుటుంబాల పిల్లలు. ఎందరో ఇంటికి దూరంగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉంటున్నవారు.

కొన్ని నెలల్లో రెండు రాష్ట్రాల్లోనూ కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్త బయటికి వచ్చింది. మహిళా సంఘాలు ప్రశ్నించాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పథకాన్ని నిలిపివేసింది; దానితో పాటే ఇందాక చెప్పిన డోసుల అధ్యయనంలో టీకాలు వేయడమూ ఆగింది. విచారణ సంఘం ఒక్కొక్క మరణాన్నీ పరిశీలించింది. నీట మునగడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటివి వాటికి కారణాలని చెప్పింది. కొన్నిటికి కచ్చితమైన కారణం తేలకపోయినా, టీకాకు ముడిపెట్టదగినది ఏదీ లేదని తేల్చింది.

కథ అక్కడితో ముగిసిందనుకునేవారు సగమే చదివినట్టు. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదికలో మరో లెక్క ఉంది. ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 పత్రాల మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద సంతకం చేసినది తల్లో తండ్రో కాదు, హాస్టల్ వార్డెన్. వేలిముద్ర వేసిన తల్లికి ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా అన్న ప్రశ్నకు జవాబు లేదు. టీకా తరువాత ఆ పిల్లలకు ఏమైనా అయితే పట్టించుకునే ఏర్పాటు సరిగా లేదని కూడా ఆ సంఘం గట్టిగా తప్పుపట్టింది. నా దృష్టిలో ఖమ్మంలో ఓడిపోయినది టీకా కాదు, సమ్మతి. ఈ తేడాను గమనించకపోవడం వల్లనే ఒక వర్గం ఆనాటి అన్యాయాన్ని చూపి టీకానే విషమంటుంది, మరొక వర్గం టీకా మంచిదే కదా అంటూ ఆ అన్యాయాన్ని చిన్నది చేస్తుంది.

కాబట్టి చేతిలో ఉన్న ఆ కాగితాన్ని ఇలా చదవండి. ఏ టీకా, ఏ కంపెనీది అన్నది రాసి ఉండాలి. ఎన్ని డోసులో, రెండో డోసు ఉంటే ఎప్పుడో, అది కూడా ఉచితమేనా అన్నది ఉండాలి. ఇది మామూలు టీకా కార్యక్రమమా, పరిశోధనలో భాగమా అన్నది స్పష్టంగా ఉండాలి. పరిశోధన అయితే మధ్యలో తప్పుకునే హక్కు, నష్టం జరిగితే పరిహారం గురించి కూడా రాయాలి. టీకా తరువాత ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలో ఒక నంబరు ఉండాలి. ఈ వివరాలు తెలుగులో, మీకు అర్థమయ్యే మాటల్లో లేకపోతే మీ ఊరి ఏఎన్ఎంను గాని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును గాని అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. "సంరక్షకులు" అన్న గీత మీద వార్డెనో ప్రధానోపాధ్యాయులో సంతకం చేస్తే సరిపోతుందని ఎవరన్నా ఒప్పుకోకండి. మీ అమ్మాయి గురుకులంలో ఉంటే, టీకా తేదీకి ముందే ఫోన్ చేసి, కాగితం మీ దగ్గరికి రావాలని చెప్పండి. పన్నెండేళ్ళ పిల్లకు కూడా ఏ సూది, ఎందుకు వేస్తున్నారో చెప్పించుకునే హక్కు ఉంది. ఆ మాట ముందుగా మీరే చెప్పండి.

డాక్టరుకు ముందే చెప్పవలసినవి

ఈస్ట్ పడనివారు, ఇంతకుముందు ఏదైనా టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గేదాకా ఆగాలి. జలుబు, చిన్న దగ్గు అడ్డు కావు. నెలసరి రోజుల్లో వేయించుకోకూడదన్న నియమం ఏదీ లేదు. గర్భిణులు ప్రసవం అయ్యేదాకా వాయిదా వేసుకోవాలి. గర్భం అని తెలియక ఒక డోసు వేయించుకున్నా కంగారు పడనక్కరలేదు, మిగిలినవి తరువాత వేయించుకోవచ్చు. హెచ్ఐవీ ఉన్నవారు, అవయవ మార్పిడి తరువాత మందులు వాడుతున్నవారు వేయించుకోవచ్చు, వేయించుకోవాలి కూడా. కాని వారికి ఒక్క డోసు సరిపోదు, మూడు డోసులు మేలు.

ఏ టీకా, ఎన్ని డోసులు

మన దేశంలో ప్రధానంగా కనిపించేవి మూడు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావ్యాక్‌కు 2022 జూలైలో అనుమతి వచ్చింది. 2023 జనవరిలో అది మార్కెట్లోకి వచ్చింది. గార్డసిల్ లాగే ఇది కూడా 6, 11, 16, 18 రకాల మీద పనిచేస్తుంది. వీటిలో 6, 11 క్యాన్సర్ తేవు, జననాంగాల దగ్గర పులిపిర్లు తెస్తాయి. గార్డసిల్ 9 ఈ నాలుగింటితో పాటు మరో ఐదు రకాలను అడ్డుకుంటుంది, కాని ధర డోసుకు 10 వేలు దాటుతుంది. కొందరు "ఖరీదైనది వేయిస్తేనే మంచిది" అని ఆగిపోతారు. మన దేశపు క్యాన్సర్లలో 80 శాతానికి పైగా 16, 18 రకాల వల్లే వస్తున్నాయని పైన చెప్పాను. డబ్బు కూడబెట్టేదాకా నాలుగేళ్ళు ఆగి తొమ్మిది రకాలది వేయించడం కంటే, అందుబాటులో ఉన్న నాలుగు రకాలది ఇప్పుడే వేయించడం మంచిదని నా అభిప్రాయం.

ప్రైవేటు ఆసుపత్రిలో అయితే 9 నుంచి 14 ఏళ్ళవారికి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు, 15 నుంచి 26 ఏళ్ళవారికి మొదటి రోజు, రెండో నెల, ఆరో నెల చొప్పున మూడు డోసులు వేస్తారు. ప్రభుత్వ కార్యక్రమాల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట ప్రకారం ఒకే డోసు ఉండవచ్చు. ఒకచోట రెండు, ఒకచోట ఒకటి అంటున్నారని ఎవరో మోసం చేస్తున్నారనుకోకండి. మొదటిది కంపెనీకి లభించిన అనుమతి ప్రకారం, రెండోది తరువాత వచ్చిన ఆధారాల ప్రకారం. మీ ప్రాంతంలో ఏ వయసువారికి ఉచితంగా వేస్తున్నారో ఆశా కార్యకర్తనో, సచివాలయం లేదా బస్తీ దవాఖానాలోని ఏఎన్ఎంనో అడిగితే తెలుస్తుంది.

సూది వేసే రోజు

ఖాళీ కడుపుతో పంపకండి. ఇడ్లీయో పెరుగన్నమో తిని, నీళ్ళు తాగి వెళ్ళాలి. భుజం దాకా సులువుగా ఎత్తగలిగే చేతుల జాకెట్టో కుర్తీయో వేయండి.

మందు సిరంజిలోకి తీసుకునే ముందు నర్సును సీసా చూపించమని అడగండి. ఇందులో మొహమాటం అక్కరలేదు. పేరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ చదవండి. సీసాను ఎక్కడి నుంచి తీస్తున్నారో గమనించండి: ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. ఒకసారి గడ్డకట్టినది కరిగినా పనికిరాదు, పారేయవలసిందే. సీసా మీద వీవీఎం అనే, వేడి తగిలితే రంగు మారే చిన్న గుర్తు ఉంటే, వృత్తం లోపలి చతురస్రం చుట్టూ ఉన్న రంగు కంటే లేతగా ఉండాలి. ఆ రంగుతో కలిసిపోయినా, ముదిరినా ఆ సీసా వద్దనండి. కదపకముందు సీసా అడుగున తెల్లటి పొర పేరుకుని ఉండవచ్చు. బాగా ఊపితే పలుచని పాలలా ఏకంగా కనిపించాలి. ఊపినా ముద్దలు తేలుతుంటే వేయించుకోకూడదు. పై చేతి కండలోకి అర మిల్లీలీటరు మందు ఎక్కిస్తారు, క్షణాల్లో అయిపోతుంది.

సూది వేసేటప్పుడు అమ్మాయి కూర్చునో పడుకునో ఉండాలి. వేశాక అరగంట అక్కడే కూర్చోబెట్టండి. బడిలో వరుసగా వేస్తున్నప్పుడు ముందున్న పిల్ల కళ్ళు తిరిగి పడితే వెనకున్న నలుగురు భయంతోనే సోలిపోవడం కద్దు. వేచి ఉన్నవారికి కనబడకుండా తెర కట్టమని ఉపాధ్యాయులకు ముందే సూచించండి. ఆ అరగంటలో ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవాలి.

ఆ తరువాత

చేయి నొప్పికి చల్లటి గుడ్డ చాలు; అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వవచ్చు. చేతిని కదల్చకుండా దాచుకోవడం కంటే మామూలుగా ఆడించడమే నొప్పిని త్వరగా తగ్గిస్తుంది. జ్వరం రెండు రోజులు దాటినా, మామూలుగా లేదనిపించే ఏ లక్షణం వచ్చినా, అది టీకా వల్లనా కాదా అని మీరు తేల్చుకోనక్కరలేదు. ఏఎన్ఎంకో, టీకా వేసిన డాక్టరుకో చెప్పి నమోదు చేయించండి. మందుల దుష్ఫలితాలను తెలియజేయడానికి 1800-180-3024 అనే ఉచిత ఫోన్ నంబరు కూడా ఉంది. ఖమ్మంలో లేకపోయినది సరిగ్గా ఈ నమోదే.

టీకా కార్డులో తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు రాయించి, ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోండి. పదేళ్ళ తరువాత పెళ్ళయి హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న అమ్మాయిని డాక్టరు "ఈ టీకా పడిందా, ఏది?" అని అడిగితే చూపించడానికి అది ఒక్కటే ఉంటుంది. రెండో డోసు తేదీ దాటిపోతే మళ్ళీ మొదటి నుంచి అక్కరలేదు, ఆలస్యంగానైనా మిగిలినది వేయిస్తే చాలు. తొందరపడి ఐదు నెలల లోపే రెండోది వేయిస్తే మాత్రం మూడోది అవసరమవుతుంది.

టీకా అన్ని రకాలనూ ఆపదు కాబట్టి, వేయించుకున్నవారు కూడా ముప్పై ఏళ్ళు వచ్చాక ముఖద్వార పరీక్ష చేయించుకోవలసిందే. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలకు ఐదేళ్ళకోసారి వయా పరీక్ష చేస్తారు: ముఖద్వారానికి పలుచటి ఎసిటిక్ ఆమ్లం రాసి, తెల్లబడిన చోట్లు ఉన్నాయేమో చూడటమే, కొద్ది నిమిషాల పని. ఇంతదాకా చదివిన అమ్మకు ముప్పై దాటి ఉండి, ఆ పరీక్ష ఒక్కసారి కూడా చేయించుకోకపోతే, అమ్మాయిని టీకాకు తీసుకువెళ్ళిన రోజునే అదే కేంద్రంలో తన పరీక్షకు తేదీ అడిగి రాయించుకుని రావాలి.